శుభలేఖలో విరిగిన లక్ష్మి

అమీర్‌పేటలో రెండు నెలలు ఫోటోషాప్ నేర్చుకున్నా. ఫీజు ముందే కట్టించుకుని నేర్పిందేంటయ్యా అంటే, మొహం తెల్లగా చేయడం, వెనకాల స్విట్జర్లాండ్ పెట్టడం!

మొన్న చిన్నమ్మ కూతురి శుభలేఖ నా నెత్తిన పడింది. "లక్ష్మి" అని కొడితే "లక్‌ష్‌మి" అని వచ్చింది. పెళ్లికూతురి పేరండీ అది! ఫాంటు మార్చా. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించా. రాత్రి రెండయింది. తీరా చూస్తే పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలన నక్కిన మెనూలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' అని ఒక్క టిక్కు. అది పెడితేనే వత్తులు సరిగ్గా పడ్డాయి. 1990 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, మన వత్తులకి ఇంకా టిక్కు పెట్టి బతిమాలాలా?

అదే రాత్రి ఇంకోటి తెలిసింది. ఇన్నాళ్లూ ఎరేజర్‌తో పరపరా చెరిపేస్తున్నదంతా లేయర్ మాస్క్‌తో చేయాల్సిందట. అది ఫోటోకి వేసే ముసుగు లాంటిది: దాని మీద నలుపు పూస్తే ఫోటోలో ఆ భాగం దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, అసలు ఫోటో చెక్కుచెదరదు. ఈ ముక్క క్లాసులో ఒక్కరైనా చెప్పారా? నేను పాడుచేసుకున్న ఫోటోలెన్నో!

తెల్లారి పంపిస్తే చిన్నమ్మ ఫోను: "మంచిగుంది బిడ్డా. పిలగాణ్ణి కొంచెం తెల్లగ చెయ్యరాదు?"