గోడ చెమ్మ రెండు రోజుల్లో మాయం కాదు

"గోడ చెమ్మకు మేస్త్రీ ఎందుకు? శనివారం మొదలుపెట్టండి, ఆదివారం సాయంత్రానికి గోడ కొత్తదైపోతుంది" అంటూ ఒక మెసేజ్ చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. అందులో చెప్పే పద్ధతి ఇదీ. బూజు పట్టిన చోట బ్లీచ్, వెనిగర్ కలిపి స్ప్రే చేయాలి. గోడ మీద పొంగిన తెల్లటి ఉప్పును తడిగుడ్డతో కడిగేయాలి. పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి, లోపలి వైపే వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయాలి. గది మూలల్లో గిన్నెల నిండా ఉప్పు పోసి, కిటికీలు మూసేయాలి. అయినా మరక మళ్లీ తేలితే పీవీసీ ప్యానెళ్లు బిగించేయాలి, అక్కడితో గొడవ వదిలిపోతుంది. మెసేజ్ చివర 'ముందు', 'తర్వాత' ఫొటోలు రెండు ఉంటాయి. ఆ 'తర్వాత' ఎన్నాళ్ల తర్వాతో మాత్రం ఎక్కడా రాయలేదు. పెయింట్ ఆరిన మర్నాడు ఏ గోడైనా పెళ్లికూతురిలాగే ఉంటుంది.

ఇంటి పని సొంతంగా చేసుకోవడం మంచిదే. ఈ మెసేజ్‌లోనూ పనికొచ్చే మాటలు ఒకటి రెండు ఉన్నాయి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు పెట్టుకోమన్నారు, సరైన మాటే. వదులైన పెచ్చులన్నీ గీకేయాలన్నారు, అదీ కరెక్టే. కానీ అసలు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్న మొదటి లైను నుంచి చివరి లైను వరకు ఒక్కసారి కూడా రాలేదు. అది తేలకుండా చేసే పని ఏదైనా గోడకు మేకప్పే.

ముందుగా బ్లీచ్, వెనిగర్ సంగతి చూద్దాం. మిగతా సలహాలు పాటిస్తే పోయేది డబ్బే, ఇది పాటిస్తే ఆసుపత్రి పాలవుతాం. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి వెనిగర్ గానీ, మరే ఆమ్లం గానీ తగిలితే క్లోరిన్ వాయువు బయటికొస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కిటికీలు మూసేయమని చెప్పే మెసేజ్‌లోనే ఈ సలహా ఉండటం మరీ దారుణం. టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్‌తో కలిపినా ఇదే జరుగుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్లనే విషవాయువులు వస్తాయి. బ్లీచ్‌ని నీళ్లతో తప్ప దేనితోనూ కలపకూడదు. ఇందులో రెండో మాట లేదు.

పోనీ, వెనిగర్ లేకుండా ఒట్టి బ్లీచ్ కొడితే? టైల్స్, గాజు లాంటి నున్నటి గట్టి ఉపరితలాల మీద పనిచేస్తుంది. ప్లాస్టరింగ్ చేసిన గోడ అలాంటిది కాదు, దాని నిండా సన్నటి రంధ్రాలే. బ్లీచ్ ద్రావణంలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఆ నీళ్లను గోడ పీల్చుకుంటుంది. పైకి కనిపించే నల్లమరక తెల్లబడుతుంది, బూజు చచ్చిందనుకుని మనం సంతోషిస్తాం. తడి ఉన్నంతకాలం అది మళ్లీ వస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ కూడా బూజు శుభ్రం చేయడానికి మామూలుగా బ్లీచ్ వాడమని చెప్పదు. చచ్చిన బూజు కూడా కొందరికి ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చంపితే సరిపోదు, తీసేయాలి. గట్టి ఉపరితలమైతే డిటర్జెంట్ నీళ్లతో రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. బూజు దాదాపు 10 చదరపు అడుగుల లోపు ఉంటే, అంటే సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మేర ఉంటే, చాలా సందర్భాల్లో సొంతంగా చేసుకోవచ్చని కూడా ఆ సంస్థే అంటుంది. అంతకు మించి ఉంటే ఆ పని తెలిసినవాళ్లను పిలవడం మేలు.

ఉప్పును తడిగుడ్డతో కడగమన్నారు. గోడ మీద తెల్లగా, పొడిపొడిగా కనిపించేది ఇటుకలోనూ, సిమెంటులోనూ, నేలలోనూ ఉండే లవణాలు. నీళ్లలో కరిగి గోడ పైపొర దాకా వస్తాయి. నీరు ఆవిరైపోతే అవి అక్కడే స్ఫటికాలుగా గట్టిపడతాయి. పెయింట్ కింద గట్టిపడితే ఆ ఒత్తిడికి పెయింట్ పొక్కులు పొక్కులుగా లేస్తుంది. దగ్గరగా చూడాలంటే ఒక పొక్కును గోరుతో గిల్లండి. పెయింట్ పొర వెనక సన్నటి తెల్ల పొడి రాలుతుంది. వేలికి గరుగ్గా తగిలే ఆ పొడే లవణం. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే కరిగి, వచ్చిన దారినే మళ్లీ గోడలోకి పోతుంది. కొన్నాళ్లకు తిరిగి పొంగుతుంది. పొడి బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని ఎత్తి బయట పారేయాలి. మళ్లీ పొంగితే మళ్లీ రుద్దాలి. పొంగడం పూర్తిగా ఆగిందంటే గోడ ఆరుతోందని అర్థం. మనం తుడిచి పారేయాలని తొందరపడే ఆ ఉప్పే గోడ పరిస్థితి చెప్పే మీటరు అన్నమాట.

ఇక మెసేజ్ అడగని ప్రశ్న దగ్గరికి వద్దాం. గోడకు నీళ్లు ప్రధానంగా నాలుగు దారుల్లో చేరతాయి. పైపు లీకవ్వడం ఒకటి. బయట పగుళ్లలోంచి వాన నీరు దిగడం ఇంకొకటి. నేలలోని తడి పునాది మీదుగా పైకి పాకడం మూడోది. గదిలోని గాలిలో ఉన్న తేమ చల్లటి గోడ మీద నీటిగా మారడం నాలుగోది. నాలుగింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది.

ఏది ఏదో కనుక్కోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మరక ఎక్కడుందో చూడండి. నేల దగ్గర మొదలై, గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తున, ఒక మీటరు లోపు ఆగిపోయి, ఉప్పు కూడా పొంగుతుంటే నేల చెమ్మ అని అనుమానించాలి. బాత్రూం గోడకు అవతల, ఎండాకాలంలో కూడా ఆరకుండా, మధ్యలో ముదురుగా, అంచుల వైపు పాకుతూ ఉంటే పైపో, బాత్రూం నేలో. వాన పడ్డాక ముదిరి, ఎండకు తగ్గితే బయటి పగుళ్లు, పిట్టగోడ, సన్‌షేడ్ కలిసే చోటు చూడాలి. ఉప్పు లేకుండా నల్లటి బూజు మాత్రమే, అదీ గది మూలల్లో, బీరువా వెనక, గాలి తగలని చోట ఉంటే గాలిలోని తేమే అసలు దోషి అయ్యుండొచ్చు.

అనుమానం తీరకపోతే వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఒక జానెడు ముక్క తీసుకుని, గోడను పైపైన ఆరబెట్టి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించండి. ఒకటి రెండు రోజులయ్యాక చూడండి. గది వైపు నీటి చుక్కలుంటే తేమ గాలిలోంచి వచ్చింది. ఫాయిల్ వెనక, గోడ వైపు తడి ఉంటే గోడలోంచి వస్తోంది. పైపు మీద అనుమానముంటే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు ఉంటే అది కదులుతోందేమో చూడండి. బాత్రూం నేల మీద అనుమానముంటే నీళ్లు పోయే జాలీని గట్టిగా మూసి, ఒక అంగుళం మేర నీళ్లు నింపి, 24 గంటలు వదిలేయండి. అవతలి గోడో, కింది స్లాబో తడిస్తే దొంగ దొరికినట్టే. టైల్స్ ఉన్నాయి కదా, నీళ్లెలా దిగుతాయని చాలామంది అడుగుతారు. టైల్ నీళ్లను ఆపుతుంది గానీ, టైళ్ల సందుల్లో పెట్టే మామూలు సిమెంటు గ్రౌట్ ఆపదు. నీళ్లను ఆపాల్సింది టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర.

కారణం తెలిస్తే పని సగం అయినట్టే. కొన్నిసార్లు మందు ఆశ్చర్యంగా చిన్నది. నేల చెమ్మ పైకి పాకకుండా చాలా ఇళ్లకు పునాది పైన, గోడ అడుగున ఒక తేమ నిరోధక పొర వేస్తారు. తర్వాతెప్పుడో బయట మట్టి పోసో, పూల మడి కట్టో, కొత్తగా బండలు పరిచో నేల ఎత్తు పెంచుతాం. ఆ పొర మట్టిలో మునిగిపోతుంది, తడి దాన్ని దాటుకుని గోడెక్కుతుంది. అలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని లోపల పెయింట్ కాదు. బయట పలుగు పట్టి మట్టి తవ్వి, ఆ పొర కన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందికి నేలను దించాలి.

వాటర్‌ప్రూఫ్ పెయింట్ అబద్ధం కాదు. అది ఎక్కడ వేయాలన్నదే తేడా. నీళ్లు వచ్చే వైపు, అంటే బయటి గోడకో, డాబాకో, పగుళ్లు పూడ్చిన తర్వాత వేస్తే నీటి ఒత్తిడి ఆ పొరను గోడకే అదుముతుంది. లోపలి వైపు వేస్తే అదే ఒత్తిడి వెనక నుంచి పొరను తోస్తుంది. కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. లేవకపోతే ఆవిరయ్యే దారి మూసుకుపోయిన తడి ఇంకా పైకో, పక్కకో పాకుతుంది. మరక అడుగు పైకి జరిగిందని చెప్పేవాళ్ల ఇళ్లలో జరిగేది చాలాసార్లు ఇదే. బయటి వైపు తవ్వడానికి వీల్లేని సెల్లార్ లాంటి చోట లోపలి నుంచి వేసే సిమెంటు ఆధారిత పూతలు వేరే ఉంటాయి. అవి ప్లాస్టరింగ్ తీసేసి, గట్టి గోడకు పట్టించేవి. పుట్టీ మీద బ్రష్‌తో కొట్టేవి కావు. ఆ పుట్టీ జిప్సం రకమైతే తడికి మెత్తబడి మొదట ఊడేది అదే.

రెండు రోజుల లెక్క ఇక్కడే తేలిపోతుంది. లీకు ఆపిన తర్వాత కూడా తడిసిన గోడ ఆరడానికి, గోడ మందం ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒక నెల పడుతుందని కట్టడాల పనిలో ఒక మోటు లెక్క ఉంది. గాలి, వేడిని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు వైపులా ఆరే గోడ త్వరగా ఆరుతుంది. ఎలా చూసినా అది నెలల్లో లెక్క, వారాంతాల్లో కాదు. అన్నాళ్లు పెచ్చులూడిన గోడను చూస్తూ కూర్చోవడం కష్టమే, అర్థం చేసుకోగలను. అయినా గోడ కనిపించకుండా ఏదైనా అడ్డం పెట్టుకోవాలి గానీ, పెయింట్ పూయకూడదు.

గిన్నెల్లో ఉప్పు ముచ్చట చూద్దాం. మామూలు ఉప్పు గాలిలో తేమ శాతం 75 దాటితే గానీ నీటిని గట్టిగా లాగదు. కాల్షియం క్లోరైడ్ లాంటివి అంతకంటే బాగా లాగుతాయి, బీరువాలో పెట్టుకుంటే ఉపయోగమే. గోడకు మాత్రం ఆ సైజు సరిపోదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిని తీసుకోండి. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో ఆ గది గాలి మొత్తంలో ఉండే నీరు ఒక లీటరు కూడా కాదు, సుమారు 870 గ్రాములు. 3 కిలోల మట్టి ఇటుక తన బరువులో 15 శాతం నీరు పీల్చుకుందంటే అది 450 గ్రాములు. అంటే గదిలోని గాలంతా మోసే నీటిని రెండు తడి ఇటుకలు మోస్తాయి. గోడలో ఉన్నవి రెండు ఇటుకలు కాదు కదా.

కిటికీల విషయంలో మెసేజ్ ఒక రకంగా తప్పు, దానికి జవాబుగా "ఎప్పుడూ తెరిచే ఉంచండి" అనేవాళ్లు ఇంకో రకంగా తప్పు. స్నానం, వంట, ఇంట్లో ఆరేసిన బట్టలు గాలిలోకి తేమ వదులుతాయి. దాన్ని బయటికి పంపాలంటే కిటికీ తెరవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి. కానీ బయటి గాలే 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే దానిలోని ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. కింది అంతస్తు గోడ అంతకన్నా చల్లగా ఉంటే మనమే గాలిని పిలిచి గోడకు చెమట పట్టించినట్టు. అలాంటి రోజుల్లో కిటికీ మూసి, డీహ్యుమిడిఫయర్ (గాలిలోని తేమను లాగేసే యంత్రం) గానీ ఏసీ గానీ వేయడం నయం. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలడం ఏ కాలంలోనైనా మంచిదే, దానికి ఖర్చూ లేదు.

చివరగా ప్యానెళ్లు. తడి గోడ మీద పీవీసీ ప్యానెల్ బిగిస్తే మరక కనిపించదు. వెనక చీకటి, తడి, కదలని గాలి, బూజుకు అంతకన్నా ఏం కావాలి? వాసన మొదలయ్యేదాకా మనకు తెలియదు. తెలిసేసరికి ప్యానెల్ బిగించిన చెక్క పట్టీలు పుచ్చిపోయి ఉంటాయి. గోడ ఆరి, ఉప్పు పొంగడం ఆగాక అలంకారం కోసం వేసుకుంటే అభ్యంతరం లేదు. అప్పుడు కూడా పైనా కిందా కాస్త ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. చెమ్మ స్విచ్ బోర్డు దాకా పాకి ఉంటే గీకుడు, డ్రిల్లింగ్ ఏదీ మొదలుపెట్టకుండా ముందు మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆ గోడను ఆయన చూసి సరేనన్నాకే మీరు గీకుడుపార పట్టుకోండి.