సవరణ: మెటా కీవర్డ్స్ ట్యాగ్ గురించి

గుంటూరు మిర్చి వ్యాపారుల వెబ్‌సైట్లపై రాసిన గత వ్యాసంలో “మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో తేజ, 334 వంటి రకాల పేర్లన్నీ చేర్చాలి” అన్న వాక్యాన్ని తొలగిస్తున్నాం. పేజీ కోడ్‌లో, చదివేవారికి కనబడకుండా ఉండే పదాల జాబితా ఈ ట్యాగ్. వెతుకులాట ఫలితాల్లో పేజీల వరుసను నిర్ణయించే వెబ్ ర్యాంకింగ్‌కు ఆ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. అందులో ఎన్ని పేర్లు కుక్కినా బూడిదలో పోసిన పన్నీరే. ఆ పేర్లు టైటిల్‌లోనూ, పేజీలో కొనుగోలుదారు చదివే వాక్యాల్లోనూ ఉండాలి. ప్రతి పేజీకీ టైటిల్ వేరుగా రాయాలి; అన్నిటికీ “హోమ్” అని పెట్టి వదిలేయడం ఒట్టి బద్ధకం.

మెటా డిస్క్రిప్షన్ (పేజీ గురించి కోడ్‌లో రాసే చిన్న పరిచయం) రాయాలని చెప్పినది మారదు. అయితే అది ర్యాంకును పెంచదు. ఫలితాల్లో టైటిల్ కింద గూగుల్ దాన్ని చూపవచ్చు, లేదా పేజీలోంచి మరో వాక్యం తీసుకోవచ్చు. అయినా రాయండి: ఎగుమతి చేస్తారా, కనీసం ఎన్ని బస్తాలు కొనాలి అన్నవి అక్కడే తెలిస్తే అవసరమున్నవారే లోపలికి వస్తారు.