జేబు బరువు కూడా చూడండి

పరికరాలు ఎన్ని ఎక్కువ ఉంటే మల్టీటూల్ (పలు పరికరాలు మడిచి ఇమిడ్చిన పనిముట్టు) అంత మంచిదన్న మీ సలహా నాకు మింగుడుపడలేదు. 18 పరికరాలున్న లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ బరువు 241 గ్రాములు, అంటే దాదాపు పావుకిలో. చొక్కా జేబులో వేస్తే జేబు కిందికి వేలాడుతుంది. అందులోని పట్కారు మోజులో నేనూ అలాంటిదే కొని, రెండు వారాలకే సొరుగులో పడేశాను. ఇప్పుడది స్కూటర్ డిక్కీలో ఉంటుంది. అక్కడ మాత్రం దానికి సాటి లేదు.

జేబుకైతే నా ఓటు మడిచినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే విక్టోరినాక్స్ హంట్స్‌మన్ మడతకత్తికే. కత్తెర, రంపం, డబ్బా మూత తీసేది అన్నీ ఉండి కూడా వంద గ్రాములు దాటదు. లంబసింగిలో గుడారం వేసిన రాత్రి, మంచుకు తడిసిన బొటనవేలంత పుల్లలను ఆ చిన్న రంపంతోనే కోసి పొయ్యి రాజేశాం. కాకపోతే దీని బ్లేడును తెరిచాక కదలకుండా పట్టి ఉంచే లాక్ ఉండదు. మొనతో పొడిచి తిప్పబోతే మడతపడి వేళ్ల మీదికి వస్తుంది. నా చూపుడువేలి మీది గాటే సాక్ష్యం! కన్నం చేయాలంటే వెనకవైపున్న దబ్బనం వాడండి.

కత్తి కీళ్లకు కొబ్బరినూనె మాత్రం రాయవద్దు. లంబసింగి చలికి అది పేరుకుపోయి, బ్లేడు తెరవబోతే గోరు విరిగినంత పనైంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.

విమానం ఎక్కేవాళ్లు ఈ కత్తిని చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టాలి. పెద్దదాన్ని గుర్తుంచుకుంటారు గానీ, తాళాల గుత్తికి తగిలించిన 58 మిల్లీమీటర్ల బుల్లి కత్తిని అందరూ మరచిపోతారు.