మా బోర్డెక్కిన హెచ్ గారికి

మహారాజశ్రీ ఇంగ్లీషు అక్షరం హెచ్ గారికి నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు మాత్రం మా చెవిపోగుల మడిగె బోర్డు మీద, ఎర్ర రంగులో, ఎల్ఈడీ వెలుగులో, పి కి, ఓ కి మధ్య కాళ్లు బారజాపుకొని క్షేమంగానే ఉన్నారు. షట్టర్ ఎత్తేటప్పుడు రోజూ చూస్తూనే ఉన్నాను.

ఈ రోజు బ్యాంకు సంగతి మీకు తెలియాలి. కరెంట్ అకౌంట్ కోసం నేనూ మా దోస్తూ పదకొండుకు వెళ్లాం. లంచ్ తర్వాత రమ్మన్నారు. లంచ్ తర్వాత సర్వర్ డౌన్. మూడున్నరకు మా వంతు వచ్చింది. సార్ పార్ట్‌నర్‌షిప్ డీడ్ చూశారు, పాన్ కార్డు చూశారు, చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ చూశారు, అంతా బాగానే ఉందన్నారు. ఆ తర్వాత ఫారం మీద మేం వేసిన రబ్బరు స్టాంపు కనబడింది. కళ్లజోడు పైకి తోసుకొని, మొన్న వాళ్ల మనిషి తీసుకెళ్లిన మా బోర్డు ఫోటో బయటికి తీశారు. డ్రాయర్‌లోంచి స్కేలు తీసి డీడ్ మీద మా ఇంగ్లీషు పేరులో ఒక్కో అక్షరం కింద పెట్టుకుంటూ వచ్చారు. రెండో పదంలో పి దగ్గర స్కేలు ఆగిపోయింది.

"మేడమ్, బోర్డులో హెచ్ ఉంది, స్టాంపులో హెచ్ ఉంది. డీడ్‌లో లేదు, పాన్‌లో లేదు. ఇవి రెండు ఫర్ములు."

రెండట! మాకు ఒక్కదానికే దిక్కు లేదు.

అయ్యా, మీరు రాకముందు మా పేరు 'రెండు పోగులు'. ఆ పేరు కోసం రెండు నెలలు ఎన్ని చాయ్‌లు తాగామో క్లాక్ టవర్ దగ్గరి హోటలాయనకు తెలుసు. ఒకటి అనుకుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో తీసేసుకునేవారు, ఇంకొకటి అనుకుంటే మా ఆయన నవ్వేవాడు. మా దోస్తుది పుట్టపాక, నేతగాళ్ల ఇల్లు. వాళ్ల నాయన మగ్గం దగ్గర మిగిలే ఇక్కత్ ముక్కల్ని గుండీలకు చుట్టి చెవులకు పెట్టుకునేవి చేస్తాం. ఒకరోజు తను ముక్క అంచు నుంచి దారం లాగుతూ, "ఇదీ పోగే, చెవికి పెట్టుకునేదీ పోగే, మనమూ ఇద్దరమే" అన్నది. అంతే. చాయ్ చల్లారిపోయింది, పేరు దొరికింది. ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా తేలికే, ఎలా పలికితే అలా, Rendu Pogulu. డీడ్ రాయించాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు కాబట్టి అదీ ఫోన్‌లోనే అయిపోయింది.

అప్పుడు మా అత్తమ్మ హైదరాబాద్‌లో పేరులోని అక్షరాలకు అంకెలు కట్టి జాతకం చెప్పే ఒక పెద్దాయన ఉన్నాడన్నది. ఫీజు 5,116. ఆయన కాగితం మీద లెక్క వేశాడు. మొదటి పదానికి 22, రెండో పదానికి 33, మొత్తం 55, అంటే 10, అంటే 1. ఒకటంటే సూర్యుడట. ఇద్దరు ఆడవాళ్ల వ్యాపారానికి ఒక్క సూర్యుడు చాలడట! నగలూ అలంకారమూ శుక్రుడివి, ఆయనది 6. దానికి ఇంకో అయిదు కావాలి. హెచ్ గారూ, ఆయన పట్టికలో మీ విలువ అయిదు. ఈ, ఎన్, ఎక్స్‌లదీ అయిదే. వాళ్లెవరూ కదల్లేదు, మీరు మాత్రం పి పక్కకు వచ్చి కూర్చున్నారు.

పి పక్కన మీరు కూర్చుంటే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫో. మా బోర్డు వచ్చినవాళ్లందరినీ 'ఫో' అంటున్నది. అసలు మా దిక్కు ఒత్తులు పలకడమే తక్కువ, భూదాన్‌ను కూడా బూదాన్ అనేస్తాం. కానీ ఫోన్ వచ్చినప్పటి నుంచి ఈ ఒక్క ఫో అందరికీ నోటికి పట్టేసింది. మొదటి వారంలో మా మడిగె మెట్లెక్కిన తొమ్మిది మందిలో నలుగురు ఫోన్ రిపేరు కోసం వచ్చారు. ఒక పెద్దాయన డిస్‌ప్లే పగిలిన ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "ఎంతైతది బిడ్డా?" అన్నాడు. చెవిపోగులు చూపిస్తే, "ఇవి దేనికి పెడ్తరు, చార్జింగుకా?" అన్నాడు.

పేరుకు ఏదీ కలపకూడదని నేననడం లేదు. పోచంపల్లికి ముందు భూదాన్ కలిసింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి భూమి లేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చారు, అందుకు కలిసింది. మీరేం ఇచ్చారు? మేమే మీకు ఎదురు 5,116 ఇచ్చి, ఆ పైన బోర్డు కొత్తగా రాయించి, కాంబో ఆఫర్ అని అదే స్పెల్లింగ్‌తో స్టాంపు కూడా చేయించాం. కాంబో ఆఫర్! ఆ ఫ్లెక్సీ షాపాయనకు ఇంకో ఉత్తరం రాయాలి.

ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు అమ్మ పడే కష్టం చూడలేక, ఆసు పోసే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరు పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ పేరు పెట్టుకున్నా అయిపోయేది. ఆమె పేరులో మీరు లేరు, ఇప్పుడు ఆలోచిస్తే అదే పెద్ద అదృష్టం.

ట్రేడ్‌మార్క్‌కు కట్టాల్సిన 4,500 పక్కన పెట్టుకున్నాం, ఏ స్పెల్లింగ్‌తో వేయాలో తేలక అవి అట్లాగే ఉన్నాయి. అద్దె మాత్రం ఒకటో తారీఖు తప్పడం లేదు. మా అత్తమ్మ మాత్రం, "హెచ్ తీస్తే శుక్రుడు పోతడు" అంటున్నది. పోనీ అత్తమ్మా! శుక్రుడికి బ్యాంకు అకౌంట్ ఉందా? స్టాంపు ఉందా? ఆయన వచ్చి సాయంత్రం నాలుగింటి దాకా ఆ ఇనుప కుర్చీలో కూర్చుంటాడా? నాకు కోపం వచ్చి బస్టాండు దాకా నడుచుకుంటూ వచ్చాను, దోస్తు వెనకాల చెప్పులు చేతిలో పట్టుకొని వచ్చింది. ఆమె చెప్పు తెగింది, అది మీ పాపం కాదు, అయినా మీ ఖాతాలోనే రాస్తున్నాను.

పుట్టపాకలో వాళ్ల నాయనకు ఫోన్ చేసి చెప్పాం. ఆయన చాలాసేపు నవ్వి, "పడుగులో ఒక పోగు ఎక్కువైతే ఏం చేస్తం? తీసేస్తం" అన్నాడు. మీకు నిచ్చెన వేయడానికి ఈ పూట మనిషి దొరకలేదు. దోస్తే స్టూలెక్కి, ఎర్ర ఇక్కత్ ముక్క ఒకటి మీ మీద ఫెవికాల్‌తో అంటించింది. నిజం చెప్పాలంటే బాగుంది. అవతలి కిరాణా షాపామె వచ్చి, "గా డిజైన్ మంచిగున్నది, గసొంటి కమ్మలు ఉన్నయా?" అని అడిగి ఒక జత తీసుకున్నది. వంద రూపాయలు, ఫోన్‌పే.

స్టాంపు కొత్తది చేయిస్తున్నాం. సోమవారం బ్యాంకాయన మళ్లీ బోర్డు ఫోటో తీసుకోవడానికి వస్తాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. దయచేసి సోమవారం దాకా ఆ గుడ్డ కిందనే ఉండండి, కాళ్లు బయట పెట్టకండి.

ఇట్లు,
రెండు పోగుల్లో ఒక పోగు