పొట్ట మీద రాష్ట్రపతి పాలన ఎత్తివేత

2015 జనవరిలో నా పొట్టలో ప్రశాంతంగా నడుస్తున్న ఆకలి ప్రభుత్వాన్ని నేనే బర్తరఫ్ చేశాను, అంటే డైటింగ్ మొదలెట్టాను. కారణం శాంతిభద్రతలు. మా బావమరిది పెళ్ళి ఆల్బమ్‌లో నేను పక్కనుంచి పడ్డాను, చొక్కా మూడో గుండీకీ నాలుగో గుండీకీ మధ్య బనీను లోకాన్ని చూస్తోంది. మన రాజ్యాంగంలో 356 అధికరణం కింద రాష్ట్రపతి పాలన ఎంత పొడిగించినా మామూలుగా మూడేళ్ళు దాటకూడదు. నేను పదేళ్ళు లాగాను, ఏ కోర్టూ ఇదేమిటని అడగలేదు. మొన్న సంక్రాంతికి ఎత్తేశాను. ప్రస్తుతం బెంగళూరు మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో ఆకలే ముఖ్యమంత్రి.

ఈ పదేళ్ళలో గవర్నర్లు చాలామంది మారారు. మొదట నిమ్మకాయా తేనే కలిపిన వేడినీళ్ళు, తర్వాత ఉప్పూ నూనే లేని కూరలు, ఆ తర్వాత ఏకంగా నూనే తాగేయమన్న కొబ్బరినూనె రోజులు (ఒకే పొట్ట, రెండు విధానాలూ నోరు మూసుకుని పాటించింది, ఐఏఎస్ ఆఫీసర్‌లాగా). 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే, ప్రపంచంలో ఎవరు పట్టించుకున్నారో గానీ మా ఆవిడ అక్షరాలా అమలు చేసింది. కొర్ర పులిహోర, సామ పొంగలి, అరికెల దద్దోజనం. చివరిగా వచ్చినాయన పదహారు గంటల ఉపవాసం. మా నాయనమ్మ ఏకాదశికి ఉపవాసం ఉంటే మర్నాడు పారణ చేసి మామూలైపోయేది, పైగా ఖాతాలో పుణ్యం. నేను రోజూ మధ్యాహ్నం పన్నెండు దాకా ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో కడుపు గుర్రుమంటుంటే మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నాను, అదీ చొక్కా గుండీ కోసం.

అసలు నేను లావా కాదా అన్నది తేల్చింది బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా లేదా అని చూసే అంకె. దాని వెనకున్న లెక్క 1830లలో బెల్జియంకి చెందిన కెట్లే అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు వేసింది. నక్షత్రాలు చూసుకునే ఆయనకి మనిషి బరువుతో ఏం పనో నాకు తెలీదు గానీ, పంచాంగం చూసి పెళ్ళిళ్ళు చేసే జాతి మనది, మనం అడక్కూడదు. చిత్రమేమిటంటే ప్రపంచానికి 25 దాటితే ఓవర్‌వెయిట్, మన భారతీయులకి 23కే. అంటే 24తో శాన్‌ఫ్రాన్సిస్కోలో నార్మల్‌గా విమానం ఎక్కినవాడు, దారిలో వాళ్ళు పెట్టింది ముట్టకపోయినా, మా దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో దిగేసరికి ఓవర్‌వెయిట్. (మనవాళ్ళకి తక్కువ బరువుకే షుగర్ వస్తుంది కాబట్టి ఆ గీత కిందకి జరిపారట. కారణం న్యాయమైనదే, అందుకే ఇంకా మంటగా ఉంటుంది.)

ఆ లెక్కకి బీఎంఐ అని 1972లో పేరు పెట్టిన యాన్సెల్ కీస్ గారే, అంతకుముందు 1944-45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని ఆరు నెలల పాటు రోజుకి దాదాపు 1,600 కేలరీల మీద ఉంచి చూశారు. యుద్ధంలో ఆకలికి మాడిపోయిన జనానికి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి. ఆ కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ప్లేట్లు నాకారు, తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా అయిపోయారు. చరిత్రలో దాని పేరు ఆకలి ప్రయోగం. నా ఫోన్‌లో యాప్ నాకిచ్చింది రోజుకి 1,400. దాని పేరు వెల్‌నెస్ ప్లాన్. అర్ధరాత్రి నేను దుప్పట్లో దూరి గుత్తి వంకాయ కూర వీడియోలు ఎందుకు చూసేవాణ్ణో మా ఆవిడకి ఆ కుర్రాళ్ళ సంగతి చదివాకే అర్థమైంది. అంతకుముందు ఇంకేదో అనుకుందిట.

సరే, పాలన ఎత్తేశాక ఏం చెయ్యాలి? దీన్ని ఇంట్యూటివ్ ఈటింగ్ అంటారు. 1995లో ఇద్దరు అమెరికా డైటీషియన్లు ఈ పేరుతో పది సూత్రాలు రాశారు. డైటింగ్ బుద్ధి మానెయ్, ఆకలిని గౌరవించు, అలా సాగుతుంది. టూకీగా ఆకలేస్తే తిను, నిండితే లే. మా చెల్లెలి కొడుక్కి రెండేళ్ళు, వాడికి ఇందులో పుట్టుకతోనే పీహెచ్‌డీ ఉంది, నాలుగో ముద్దకి నోరు బిగించేస్తాడు. మేం ఊరుకుంటామా, బాల్కనీలోకి తీసుకెళ్ళి చందమామని చూపించి, నోరు తెరిచిన క్షణంలో ఐదోది తోసేస్తాం. వాడి జీవితంలో మొదటి ఎమర్జెన్సీ అది, విధించింది మేమే.

వాడి దగ్గర ఉచితంగా నేర్చుకోవాల్సింది పోయి ఇందిరానగర్‌లో వారాంతం వర్క్‌షాప్‌కి 4,500 కట్టాను. అక్కడ ఒక్కొక్కరి చేతిలో ఒక కిస్‌మిస్ పెట్టారు. దాన్ని చూశాం, వాసన చూశాం, చెవి దగ్గర పెట్టుకుని విన్నాం కూడా, తర్వాత పది నిమిషాలు తిన్నాం. ఇరవై మందిమి, ఇరవై కిస్‌మిస్‌లు. చేతిలో పట్టినన్ని పాయసంలో వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, లెక్కేసుకుంటే ఏడుపొచ్చింది. పోతూ పోతూ ఆకలికి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసుకునే చార్టు ఇచ్చారు (ఒకటంటే పేగులు మాడటం, పదంటే పొట్ట పగలడం). మూడు, నాలుగు మీద తినడం మొదలెట్టాలి, ఆరు, ఏడు మీద ఆపాలి. మళ్ళీ అంకెలే. గవర్నర్ పోయాడనుకుంటే సలహాదారుగా తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ అడిగింది.

"ఆకలేస్తోందా నాన్నా?"

"ఆగమ్మా, ఇప్పుడు నాలుగు మీద ఉన్నా."

"నాలుగేంట్రా, ఇడ్లీలా?" అని నాలుగూ పెట్టేసింది.

మొదటి రెండు వారాలు మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, కొత్త ప్రభుత్వం ఖజానా మీద పడ్డట్టు పడ్డాను. వీవీ పురం తిండి బీదిలో (కన్నడంలో బీది అంటే వీధి) ఒక చివర మొదలెట్టి రెండో చివర తేలాను. ఆకలేసి కాదు, రేపెవరో మళ్ళీ రద్దు చేస్తారన్న భయంతో. నాలుగు కిలోలు పెరిగాను, ఈ మాట అమ్మకి సంతోషం, మా ఆవిడకి టెన్షన్. (మా నాన్నకి షుగర్, ఆయన సంగతి వేరు. ఆయన పొట్ట కేంద్రపాలిత ప్రాంతం, డాక్టరు గారి ప్రత్యక్ష పాలన.) మూడో వారంలో ఒక వింత జరిగింది. ఫ్రిజ్‌లో మైసూర్‌పాక్ డబ్బా ఉందన్న సంగతే మర్చిపోయాను. గుర్తొచ్చి తీసేసరికి అంచులు తెల్లబడి, వాసనొచ్చి, పనికిరాకుండా పోయింది. మా ఇంట్లో ఒక స్వీటు సహజ మరణం పొందడం ఇదే మొదటిసారి. మా ఆవిడ ఫోటో తీసి అక్కకి పంపింది.

బంధువుల సంగతి మాత్రం ఏ సూత్రంలోనూ లేదు. తగ్గినప్పుడు "ఏంటి బాబూ, ఒంట్లో బాగుండట్లేదా?" అన్న మేనత్తే ఇప్పుడు "బెంగళూరు నీళ్ళు బాగా పడ్డట్టున్నాయే" అంటోంది. మారతహళ్ళిలో ట్యాంకర్ నీళ్ళు ఎలా ఉంటాయో ఆవిడకి తెలీదు పాపం.

పోయిన శనివారం దగ్గర్లోని ఆంధ్రా మెస్‌కి వెళ్ళాను. అరిటాకు, కందిపొడి, నెయ్యి, గోంగూర, ముద్దపప్పు. రెండోసారి పప్పన్నం అయ్యాక చెయ్యి ఆపి, కళ్ళు మూసుకుని, చార్టులో చెప్పినట్టు లోపలికి చూసుకుంటున్నాను. ఐదా? ఆరా? ఆరున్నరా? వడ్డించే కుర్రాడు అన్నం బేసిన్‌తో పక్కన నిలబడ్డాడు. నెల్లూరు యాస.

"పెట్టమంటారా సార్?"

"ఒక్క నిమిషం, చూసుకుంటున్నా."

"చాలంటే చెయ్యి అడ్డం పెట్టండి సార్, వెనకాల క్యూ ఉంది" అన్నాడు, నేను ఇంకా ఆరు దగ్గరే ఉండగా హస్తం నిండా వేసి, రసం తెమ్మని లోపలికి కేకేశాడు.