పుంత మీద పరుగు: డెల్టాకు కొండలు అక్కర్లేదు

తెల్లవారుజామున ఐదున్నరకు కోనసీమలో 216వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవారికి ఈ దృశ్యం పరిచయమే. కానిస్టేబుల్ ఉద్యోగానికో, సైన్యంలో చేరడానికో సిద్ధమవుతున్న కుర్రాళ్లు రోడ్డు అంచున తెల్లగీత పట్టుకుని పరుగెత్తుతుంటారు. పదహారు వందల మీటర్ల పరీక్ష గట్టెక్కాలన్నదే వాళ్ల తపన. వెనుక చేపల లారీ, ఎదురుగా బస్సు. ఆ రోడ్డు దిగి నాలుగు అడుగులు వేస్తే కాలువ గట్టు ఉంటుంది. మెత్తని మట్టి, కొబ్బరిచెట్ల నీడ, మనిషి అలికిడి లేని దారి. అక్కడ ఎందుకు పరుగెత్తరని ఒక అబ్బాయిని అడిగాను. "అది దారి కాదు కదండీ, గట్టు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన మనకు కాలి కింద ఉన్నది దారిగా కనబడడం మానేసింది. తారు వేసినదే దారి, సిమెంటు పోసినదే దారి. ట్రయల్ పరుగు, అంటే తారు లేని సహజమైన దారుల్లో పరుగు, అనగానే అరకు, పాపికొండలు, హిమాలయాలు గుర్తుకొస్తాయి. కొండ లేనిచోట ఆ ఆట ఎక్కడిదని అనుకుంటాం. ఈ అభిప్రాయం తప్పు. దానివల్ల మనం పోగొట్టుకుంటున్నది ఒక ఆటను మాత్రమే కాదు.

2013లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రయల్ రన్నింగ్ సంఘం ఈ పరుగును నిర్వచించినప్పుడు పర్వతం, ఎడారి, అడవి, మైదానం అని నాలుగింటినీ ఒకే వరుసలో చెప్పింది. ప్రకృతి మధ్య సాగాలి, తారు, సిమెంటు వీలైనంత తక్కువగా ఉండాలి. ఇంత దూరం ఉండాలనీ, ఇంత ఎత్తు ఎక్కాలనీ షరతు లేదు. అయితే కష్టాన్ని లెక్కగట్టడానికి అదే సంఘం వాడే సూత్రం మాత్రం ఎత్తు వైపు మొగ్గుతుంది. ఎక్కిన ప్రతి వంద మీటర్లకూ దూరానికి ఒక కిలోమీటరు కలుపుతారు. పది కిలోమీటర్ల పరుగులో ఐదు వందల మీటర్లు ఎక్కితే పదిహేను కిలోమీటర్ల శ్రమ అన్నమాట. మన దగ్గర ఏటిగట్టును ఐదుసార్లు ఎక్కి దిగినా ముప్పై మీటర్లు దాటడం కష్టం. ఆ లెక్క ప్రకారం డెల్టా పరుగు చాలా తేలిక. కానీ గోదావరి మధ్య దీవులైన లంకల ఇసుకలో ఒక్క కిలోమీటరు పరుగెత్తి చూడండి. వాన వెలిసిన మర్నాడు రేగడి పుంతలో, అంటే చేల మధ్య బండిబాటలో, ఇంకో కిలోమీటరు వెళ్లి చూడండి. ఆ మట్టి బూటు అడుగున అంటుకుని, అడుగడుగుకూ బరువు పెరిగి, చివరికి కాలు ఎత్తడమే పని అవుతుంది. ఏ సూత్రానికీ అందని కష్టం అది. డెల్టా ట్రయల్‌కు కొలత నేల స్వభావమే.

ఈ నేల మీద ఉన్న దారులు ఎన్ని రకాలో ఒకసారి తలచుకుందాం. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ నాయకత్వంలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారాయి. కాలువ తవ్విన ప్రతిచోటా పక్కన మట్టి పోగుపడి గట్టయింది. ఒకప్పుడు పడవలను తాళ్లతో లాగుతూ మనుషులు నడిచింది ఆ గట్ల మీదే. ఇవి కాక వరదను ఆపడానికి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల వెంట పోసిన ఏటిగట్లు ఉన్నాయి. చేల మధ్య బండ్లు తిరగడానికి వదిలిన పుంతలు ఉన్నాయి. రేవు దాటితే లంకల్లో కూరగాయల మళ్ల మధ్య కాలిబాటలు. సముద్రం దగ్గరపడే కొద్దీ ఉప్పునేల పర్రభూములు, సరుగుడు తోటలు, అంతర్వేది, ఓడలరేవు వైపు గట్టి ఇసుక. ఇన్ని రకాల నేల ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపే దొరికే ప్రాంతం అరుదు. కొరింగ మడ అడవులను మాత్రం నేను ఈ లెక్కలో కలపను. అది అభయారణ్యం. అక్కడ పందెం పెట్టాలన్న కోరిక పుట్టినా అణచుకోవడమే మంచిది.

దారి వెతకడానికి ఉపగ్రహ పటం ఎంతో సాయం చేస్తుంది కానీ కోనసీమలో అది సగంలోనే ఆగిపోతుంది. పైనుంచి చూస్తే అంతా కొబ్బరాకే. ఆ ఆకుల కింద ఉన్న బాట ఫోనులో కనబడదు. గ్రామ పటం తిరగేస్తే పుంత పోరంబోకు అని విడిగా గీసి ఉంటుంది, సర్వే నంబరుతో సహా. నా అనుభవంలో అంతకంటే నమ్మకమైన ఆధారాలు ఇద్దరు మనుషులు. ఒకరు గీత కార్మికుడు. ఏ తాటిచెట్టుకు ఏ దారిన వెళ్తే దగ్గరో, చేలకు నీళ్లు పారే ఏ చిన్న కాలువ, అంటే బోదె, మీద దాటడానికి దుంగ ఉందో రోజూ నడిచే ఆయనకే తెలుసు. రెండోవారు కాలువ గట్లు, తూములు చూసుకునే లస్కరు. గట్టు ఎక్కడ కోసుకుపోయిందో, ఏ తూము దగ్గర నేల కుంగిందో ఆయన నోటిమాటగా చెప్పగలడు. ఈ ఇద్దరితో ఒక్కో ఉదయం నడిచాకే మా ఊరి దారి తయారైంది. లాకుల దగ్గర మొదలై, రెండు కిలోమీటర్లు కాలువ గట్టు మీద సాగి, పుంతలోకి తిరిగి, మూడు బోదెలు దాటి, కొబ్బరితోటల గుండా ఏటిగట్టు ఎక్కి, తిరిగి లాకులకు చేరే ఆరున్నర కిలోమీటర్లు.

అందులో నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. దారిని మే నెలలో చూశాను. పందెం ఆగస్టులో పెట్టాను. ఏప్రిల్ రెండో పక్షంలో కాలువలు కట్టేస్తే మళ్లీ నీరు వదిలేది సాధారణంగా జూన్‌లో. మేలో నేను ఒక్క అంగలో దాటిన బోదెలో ఆగస్టుకు నడుములోతు నీళ్లున్నాయి. పుంత రెండు పక్కలా ఊడ్పులు పూర్తయి, చేల నీరు దారి మీదికి పొర్లుతోంది. వచ్చినవాళ్లలో సగం మంది కిలోమీటరున్నర దగ్గరే ఆగిపోయారు. మూడో బోదె మీది తాటిదుంగ నాని నాచుపట్టింది. ఒక అబ్బాయి జారి నీళ్లలో పడ్డాడు, అదృష్టవశాత్తు దెబ్బ తగల్లేదు. లస్కరు నన్ను పక్కకు పిలిచి, "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా బాబూ, నీళ్లొచ్చాక ఇది దారి కాదు, కాలువలో భాగం" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం.

డెల్టాలో దారికి ఋతువు ఉంటుంది. పందెం తేదీని మనం సెలవులు చూసుకుని కాకుండా నీటిని, పంటను చూసుకుని నిర్ణయించాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద కాలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఆ రోజుల్లో లంక మనుషుల ప్రాణాలు పడవల మీద ఉంటాయి, ఏటిగట్టు ఊరికి కాపలా కాసే చోటు అవుతుంది. అక్కడ ఆటకు తావు లేదు. నవంబరులో సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతలు మొదలైతే పుంతల నిండా ట్రాక్టర్లు, ధాన్యం బస్తాలు. గట్ల మీద ధాన్యం ఆరబోస్తారు, దాన్ని తొక్కుతూ పరుగెత్తే హక్కు ఎవరికీ లేదు. కోతలు ముగిసిన డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నేల గట్టిపడి, గాలి చల్లబడి, దారి తెరుచుకుంటుంది. రబీ పంటైన దాళ్వా నాట్లు పడుతున్నా గట్లకు ఇబ్బంది ఉండదు. మార్చి దాటితే ఉక్కపోత. డెల్టా ఎండ కంటే డెల్టా తేమ ప్రమాదకరం. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు మిత్రులు చేపల చెరువుల గట్ల మీద పందెం పెట్టవచ్చా అని అడుగుతుంటారు. వద్దంటాను. చూడడానికి వెడల్పుగా, చదునుగా అందంగా ఉంటాయి, నిజమే. కానీ అవి సొంత ఆస్తులు, కాపలా కుక్కలు ఉంటాయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు వెళ్లే విద్యుత్ తీగలు గట్టు మీదే పాకుతుంటాయి. తడి నేల, తెగిన తీగ, పరుగెత్తే పిల్లవాడు. ఈ మూడింటినీ ఒకచోట ఊహించుకోవడానికే నాకు మనసొప్పదు.

ఇక పందెం ఎంత పెద్దదిగా ఉండాలన్న ప్రశ్న. నగరాల మారథాన్లు చూసి మన పట్టణాల్లోనూ టీషర్టులు, పతకాలు, వేదిక, మైకులు లేకుండా పరుగే లేదనుకుంటున్నారు. ఆ ఖర్చు భరించడానికి దాతను వెతకాలి, దాత కోసం జనాన్ని చూపాలి, జనం కోసం వెడల్పాటి రోడ్డు కావాలి. అలా పరుగు మళ్లీ తారు మీదికే చేరుతుంది. పుంత వెడల్పు ఒక ఎడ్లబండికి సరిపడా. అది భరించగలిగేది ముప్పై, నలభై మందిని. కాబట్టి చిన్నదిగా ఉండడమే దీనికి సరైన రూపం. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ మొదలుపెట్టిన ఐదు కిలోమీటర్ల పరుగుకు వచ్చింది 13 మంది. రుసుము లేదు, బహుమతి లేదు. అదే పార్క్‌రన్ పేరుతో దేశదేశాలకు పాకింది. ప్రతి వారం అదే చోట, అదే వేళకు జరగడమే దాని బలం.

మన దగ్గర ఐదు నుంచి ఏడు కిలోమీటర్లు చాలు. ఆరున్నరకు మొదలైతే ఎనిమిదింటికల్లా అందరూ తిరిగొస్తారు, పనికి వెళ్లేవాళ్లు వెళ్తారు. కిలోమీటరుకు ఒక మనిషి నిలబడితే ఎవరూ కనుమరుగు కారు. తారు రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తడానికి ఇళ్లలో అనుమతి దొరకని అమ్మాయిలు మా రెండో పందానికి తొమ్మిది మంది వచ్చారు. దారి పొడవునా తెలిసిన ముఖాలు ఉంటాయన్న భరోసాయే వాళ్లను తీసుకొచ్చింది. గుర్తులకు ప్లాస్టిక్ రిబ్బన్లు వాడకూడదు, గేదెలు తింటాయి. మలుపు మలుపుకూ సున్నంతో బాణం గీస్తే చాలు, అయితే ముందురోజు గీస్తే మంచుకు తడిసి, పశువులు తొక్కి చెరిగిపోతుంది. ఆ తెల్లవారే గీయాలి. దాహానికి కొబ్బరిబొండాలు, మజ్జిగ, ఆకలికి చక్కెరకేళి అరటిపళ్లు. అన్నీ ఊళ్లో దొరికేవే.

పాముల మాట దాచి లాభం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన చేలలో ఉన్నాయి. పూర్తిగా వెలుగు రాకముందు ఎవరినీ దారి మీదికి వదలకూడదు. గడ్డి మోకాలు దాటిన చోట దారి మార్చుకోవాలి. అన్నిటికంటే ముందు, దగ్గరి ఆసుపత్రిలో ఆ వారం విషానికి విరుగుడు మందు ఉందో లేదో స్వయంగా వెళ్లి కనుక్కోవాలి. బోర్డు మీద ఉన్నదని రాసుకుంటే సరిపోదు. ఈత రానివాళ్లను కాలువ గట్టు మీద ముందువాళ్లను దాటడానికి ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పాలి.

అనుమతులు ఎవరిని అడగాలి? గట్టు జలవనరుల శాఖది, పుంత పంచాయతీది, కాబట్టి ఆ రెండు చోట్లా కాగితం పెట్టాలి. అక్కడితో ఆగితే మాత్రం పొరపాటు. డెల్టాలో చేను ఒకరిది, సేద్యం మరొకరిది. హైదరాబాదులో ఉన్న యజమాని ఫోనులో సరేనంటే మనం చేనుగట్టు మీద పరుగెత్తుతాం, కానీ ఆ గట్టు తెగితే మళ్లీ మట్టి వేసుకునేది కౌలు రైతు. అడగవలసింది ఆయనను. కనుమ రోజున కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి, దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రాలైన ప్రభలు ఎలా వెళ్తాయో చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. భుజాల మీద ప్రభలను మోస్తూ పచ్చని చేలను తొక్కుకుంటూ, కౌశిక కాలువ నీళ్లలో దిగి సాగిపోతారు. రైతు అడ్డు చెప్పడు, తన చేను గుండా దేవుడు వెళ్లడం శుభమనుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం ఆ తీర్థమే. చేల మీదుగా నడిచే సంప్రదాయం మనకు కొత్త కాదు. అయితే ఆ దారిని ఇచ్చేది భక్తి. పరుగెత్తేవాడికి ఆ హక్కు లేదు కనుక అడిగి తీసుకోవాలి, చెడగొడితే బాగుచేసి వెళ్లాలి.

ఇంతా చెప్పడం వెనుక నా అసలు బాధ వేరు. పుంతలు మాయమవుతున్నాయి. ఒక పక్క రైతు ఏటా అడుగు కలుపుకుంటాడు, ఇంకో పక్క తోట కంచె ముందుకు జరుగుతుంది, పదేళ్లకు బండి బాట కాలిబాటగా మిగులుతుంది. మా దారిలోనే ఒకచోట గ్రామ పటంలో ఉన్న పుంత నేల మీద లేదు, అరటితోట ఉంది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. కానీ నడిచేవాడే లేని దారి కోసం ఫిర్యాదు చేసేదెవరు? సిమెంటు పోసిన పుంతలను ఎవరూ ఆక్రమించడం లేదు, అది నిజం. ధాన్యం తోలుకోవడానికి రైతుకు గట్టి రోడ్డు కావాలి, దానికి నేను అడ్డం చెప్పను. మట్టిగానే మిగిలిన పుంతల సంగతే నాది. నెలకోసారి నలభై మంది పాదాలు పడితే దాని అంచులు ఎక్కడున్నాయో ఊరికి గుర్తుంటుంది. మా రెండో పందెం తర్వాత పంచాయతీలో ఒక పెద్దాయన ఆ అరటితోట సర్వే నంబరు అడిగి రాసుకున్నారు. ఆ పుంత పేరు మళ్లీ ఒక కాగితం మీద కనబడడం నేను చూసినంతలో అదే మొదటిసారి.

ఈసారి సంక్రాంతి దాటిన రెండో ఆదివారానికి మూడో పందెం అనుకుంటున్నాం. మూడో బోదె మీద నానిపోయిన దుంగ తీసి కొత్తది వేయాలి. తన చేలో పడిపోయిన తాటిచెట్టు ఉందని ఆ పక్క కౌలు రైతు చెప్పారు. కోతలు కాగానే కోసి ఇస్తానన్నారు, మోయడానికి మాత్రం ఆరుగురు కావాలట.