సవరణ: సిగ్నల్ లేని చోట హాట్‌స్పాట్ పనిచేయదు

హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా మేడారం వెళ్తూ ఆఫీసు పని చేసుకోవడం గురించి పోయిన వారం రాశాను. అందులో "ఫోన్‌కు సిగ్నల్ లేని చోట కూడా పాకెట్ వైఫై హాట్‌స్పాట్ నెట్ పట్టుకుంటుంది" అన్నాను. అది తప్పు.

ఈ హాట్‌స్పాట్ అంటే జేబులో పట్టే చిన్న వైఫై పరికరం. అందులోనూ ఉండేది సిమ్మే. ఫోన్ లాగే అదీ టవర్ నుంచే నెట్ తీసుకుని వైఫైగా పంచుతుంది. ఆ సిమ్ కంపెనీ టవర్ అందని చోట అదీ పనిచేయదు. ఈ మాట దాని మాన్యువల్‌లోనే ఉంది, నెట్‌వర్క్ పని తెలిసిన మిత్రుడు కూడా అదే చెప్పాడు. ఆ రోజు నాకు తాడ్వాయి అడవి దారిలో నెట్ వచ్చిందంటే, హాట్‌స్పాట్‌లో వేరే కంపెనీ సిమ్ ఉండటమే కారణం. మొన్న అదే దారిలో ఆ సిమ్‌ను ఫోన్‌లో వేస్తే ఫోన్‌లోనూ వచ్చింది. అది చూసుకోకుండా రాయడం నా పొరపాటే.

కాబట్టి ఆ దారిలో మీటింగ్ ఉంటే హాట్‌స్పాట్ కొనేకన్నా, ఫోన్‌లోనే రెండో కంపెనీ సిమ్ వేసుకోండి. ఏ కంపెనీ సిగ్నల్ ఎక్కడ ఉంటుందో అక్కడి ఊరివాళ్లను అడగడం ఇంకా మంచిది. జాతర రోజుల్లో అయితే సిగ్నల్ గీతలు నిండా ఉన్నా జనం రద్దీకి నెట్ నెమ్మదిస్తుంది.

ఇంకొకటి. నేను రాసిన "5 గిగాహెర్ట్జ్ వైఫై"ని కొందరు 5జీ అనుకున్నారు. అది హాట్‌స్పాట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వైఫై వాడే బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి) మాత్రమే. 4జీ హాట్‌స్పాట్‌లోనూ అది ఉండొచ్చు.